బెంగళూరులో కారు సర్వీసు, తనిఖీ: తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్లయింది. కృష్ణరాజపురంలో కాపురం. బంధువుల్లో, స్నేహితుల్లో ఎవరు ఈ ఊరికి మారినా, ఇల్లు దొరికాక అడిగే రెండో మూడో ప్రశ్న ఒకటే: కారు ఎక్కడ చూపిస్తున్నారు? మొదట్లో ఒక చోటు పేరు చెప్పి ఊరుకునేదాన్ని. దానివల్ల వారికి పెద్ద మేలు జరగలేదని తర్వాత తెలిసింది. కారుకు ఏ పని కావాలో తెలియకుండా వెళితే ఎంత మంచి చోటైనా బిల్లు పెరుగుతుంది. అందుకే వారు అడిగినవీ, నేను నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళ్లాలా, బయటి మెకానిక్ షెడ్డుకు వెళ్లాలా?

కారు పనులన్నీ ఒకే చోట చేయించాలన్న నియమం ఏదీ లేదు. పనిని బట్టి చోటు మార్చుకోవడంలోనే ఆదా ఉంది. వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీ సెంటరే మంచిది. వారంటీ అయిపోయినా ఎయిర్‌బ్యాగులు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ బ్యాటరీ, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వంటి పనులకు అక్కడికే వెళ్లండి. వాటికి కావలసిన పరికరాలు, శిక్షణ చిన్న షెడ్లలో అరుదు.

ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు, క్లచ్, సస్పెన్షన్ మాత్రం నమ్మకమైన షెడ్డులో నిశ్చింతగా చేయించవచ్చు. సెంటరులో కూలీ ఎక్కువగా ఉండటానికి కారణం పని గొప్పతనం ఒక్కటే కాదు. అద్దాల గది, ఏసీ, కాఫీ యంత్రం, ఇంతమంది సిబ్బంది ఖర్చు కూడా మన బిల్లులోనే కలుస్తుంది. టైర్లు, అలైన్‌మెంట్ టైర్ల దుకాణంలో, బ్యాటరీ బ్యాటరీ దుకాణంలో, ఏసీ గ్యాస్ ఏసీ పని ఒక్కటే చేసేవారి దగ్గర చూసుకుంటే ధరా తగ్గుతుంది, పనీ బాగుంటుంది. కంపెనీ సెంటరుకూ షెడ్డుకూ మధ్యరకంగా బాష్ కార్ సర్వీస్, మైటీవీఎస్ వంటి అన్ని కంపెనీల కార్లూ చూసే వర్క్‌షాపులు ఉన్నాయి. అక్కడ జాబ్ కార్డు (చేయవలసిన పనులు రాసే కాగితం), పన్నుతో కూడిన బిల్లు ఇస్తారు. ఒకే పేరున్న రెండు శాఖల పనితనం మాత్రం ఒకేలా ఉంటుందనుకోవద్దు.

వారంటీలో ఉన్న కారును బయట చూపిస్తే వారంటీ మొత్తం పోతుందా?

‘మొత్తం పోతుంది’ అని భయపెట్టేవారు చాలామంది. 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వకపోవడం, బయట చేయిస్తే వారంటీ రద్దని చెప్పడం అప్పటి ప్రధాన ఆరోపణలు. బయట చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదనీ, బయటి పని వల్ల చెడిపోయిన భాగం వరకే నిరాకరించవచ్చనీ కమిషన్ చెప్పింది. కంపెనీలు ఆ ఆదేశం మీద న్యాయపోరాటానికి దిగాయి.

చట్టం సంగతి అలా ఉంచితే, నా సలహా ఇది. పంచర్, వైపర్లు, బ్యాటరీ, టైర్లు నిస్సంకోచంగా బయట చూసుకోండి. నియమిత సర్వీసులు మాత్రం వారంటీ ముగిసేదాకా సెంటరులోనే చేయించండి. రేపు ఇంజిన్‌కో గేర్‌బాక్స్‌కో ఏదైనా అయితే మీ చేతిలో ఉండవలసింది అతుకుల్లేని సర్వీసు చరిత్ర.

‘ఫ్రీ సర్వీస్’ అన్నారు, మరి బిల్లు ఎందుకు వేశారు?

ఉచితం కూలీ మాత్రమే. ఆయిల్, ఫిల్టర్ల వంటి సామానుకు డబ్బు కట్టాలి. కూలీ ఉచితమని ఆనందంలో ఉన్న సమయంలోనే పాలిషింగ్, కోటింగ్ లాంటివి జాబితాలో చేరిపోతాయి. సంతకం పెట్టేముందు జాబ్ కార్డు చదవండి.

అసలు సర్వీసులో ఏమేం మార్చాలి?

దీనికి జవాబు మీ కారు డాష్‌బోర్డు పెట్టెలోనే ఉంది. ఓనర్స్ మాన్యువల్ చివర్లో ఒక పట్టిక ఉంటుంది: ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు ఏది చూడాలి, ఏది మార్చాలి. ఆ ఒక్క పేజీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఈ ఊళ్లో కారు ఖర్చు తగ్గించుకోవడానికి అంతకుమించిన సాధనం నాకు ఇంకొకటి కనబడలేదు.

ఇప్పటి పెట్రోలు కార్లలో ఎక్కువవాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అప్పుడు, ఇంజిన్ ఆయిలూ ఆయిల్ ఫిల్టరూ మార్చాలి. కారు ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లే తిరిగినా ఏడాది నియమం పాటించాలి, ఎందుకంటే ఆయిల్ నిలవ ఉన్నా పాడవుతుంది. ఇక మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా గంటన్నర పాకే కారుకు మీటరు మీద పడేది పది పన్నెండు కిలోమీటర్లే అయినా, ఇంజిన్ తిరిగింది గంటన్నర. అలాంటి వాడకాన్ని మాన్యువల్‌లో కఠిన పరిస్థితుల కింద రాస్తారు, దానికి గడువు తక్కువ. ఆ చిన్న అక్షరాలు తప్పక చదవండి.

బ్రేకు ఆయిల్ సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే మరిగే ఉష్ణోగ్రత పడిపోయి, తిరుమల ఘాటు దిగుతూ పదేపదే బ్రేకు తొక్కినప్పుడు పెడల్ మెత్తబడిపోతుంది. చాలా చోట్ల జాబితాలో ఇది ఉండదు, మనమే అడగాలి. మామూలు స్పార్క్ ప్లగ్గులు దాదాపు 40,000 కిలోమీటర్లు వస్తాయి. ఇరిడియం ప్లగ్గులు దానికి రెట్టింపు మన్నుతాయి, వాటిని 40,000కే మార్చమంటే ఒప్పుకోకండి. మైకో లేఔట్ అన్న పేరు వినే ఉంటారు, అది ఈ స్పార్క్ ప్లగ్గులూ డీజిల్ పంపులూ చేసిన మైకో కంపెనీ పేరు. 1951లో మొదలైన ఆ కంపెనీయే నేటి బాష్. మా నాన్నగారి తరం మెకానిక్‌లు ప్లగ్గు అనకుండా ‘మైకో’ అనే అడిగేవారు.

ఎస్టిమేట్‌లో ఏవి కొట్టేయవచ్చు?

సర్వీస్ అడ్వైజరు మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు. చాలా చోట్ల వారికి నెలవారీ అమ్మకాల లక్ష్యం ఉంటుంది. మీరు మాత్రం ఒక్కొక్క వరుసనూ మాన్యువల్ పట్టికతో పోల్చండి. అందులో లేనిదానికి ‘నా కారులో మీకు ఏం కనబడి ఇది రాశారు?’ అని అడగండి. జవాబులో మీ కారు ప్రస్తావన లేకపోతే కొట్టేయించండి.

ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, డీకార్బనైజింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్: కారు ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు వణకడం, పికప్ తగ్గడం వంటి లక్షణాలు లేనప్పుడు ఇవి అనవసరం. ఇంజిన్ డ్రెస్సింగ్ అంటే పైన మెరుపు పూత, దానితో ఇంజిన్‌కు ఒరిగేదేమీ లేదు. ఏసీ డిస్‌ఇన్ఫెక్టెంట్ అని పిచికారీ కొట్టే దానికి బదులు ఏసీ ఫిల్టరు మార్చుకోండి. నైట్రోజన్ గాలికి డబ్బు పెట్టడం కన్నా మామూలు గాలిని రెండు వారాలకోసారి సరిచూసుకోవడం ఎంతో మేలు. అడుగుభాగం కోటింగ్ సముద్రపు గాలి తగిలే చెన్నై, విశాఖ కార్లకు అర్థం ఉన్న ఖర్చు, బెంగళూరులోనే తిరిగే కారుకు తొందర లేదు.

కిందటి ఏడాది మా చిన్న పెట్రోలు కారుకు మొదట రాసిన అంచనా 11,400 రూపాయలు. పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే 6,900కు దిగింది. అందులో అవసరమైన పని ఒక్కటీ తగ్గలేదు, పైగా వారు రాయని బ్రేకు ఆయిల్ చేరింది.

బిల్లులో పన్ను కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కూలీ మీదా 18 శాతమే. ఎక్కడైనా ఇంకా పాత రేటు వేస్తే అడగండి.

మార్చామని చెప్పినవి నిజంగా మార్చారో లేదో ఎలా తెలుస్తుంది?

ఇది నాకు జరిగిందే కనుక వివరంగా చెబుతాను. ఒక వర్క్‌షాపు బిల్లులో ఏసీ ఫిల్టరు మార్చినట్లు రాశారు, డబ్బు కట్టాను. వారం తర్వాత ఏసీలోంచి మట్టి వాసన. మా కారులో ఆ ఫిల్టరు డాష్‌బోర్డు పెట్టె వెనకాల ఉంటుంది. రెండు పక్కలా నొక్కి పెట్టెను కిందికి దించితే చాలు, పనిముట్లు అక్కర్లేదు. బయటికి లాగాను. మడతల మధ్య మా వీధి గుల్‌మొహర్ చెట్టు చిట్టి ఆకులు ఎండిపోయి, వరుసగా పేర్చినట్లు ఇరుక్కుని ఉన్నాయి. అంచు బూడిదరంగులోకి తిరిగింది. అది కనీసం రెండేళ్ల నాటి ఫిల్టరు. డబ్బు వెనక్కి ఇచ్చారు. అయితే మిగతా బిల్లులో ఏది నిజమో ఏది కాదో అన్న అనుమానం మాత్రం నన్ను చాలా రోజులు పీడించింది.

అప్పటినుంచి మూడు అలవాట్లు చేసుకున్నాను. కారు ఇచ్చేముందు ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు అంచుల మీద పెన్నుతో తేదీ రాస్తాను. ఆయిల్ ఫిల్టరు కింద వైపు చిన్న రంగు చుక్క పెట్టమని టైర్ల దుకాణంలో కారు పైకి లేపినప్పుడు అడుగుతాను. తీసేసిన పాత సామాను డిక్కీలో పెట్టాలని జాబ్ కార్డు మీదే రాయిస్తాను. ఈ మాట కార్డు మీద ఉంటే పని తీరే మారుతుంది. తిరిగి తీసుకున్నప్పుడు ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) లాగి చూడండి: కొత్త ఆయిల్ పెట్రోలు కారులో తేనె రంగులో ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌లో కొత్తదీ త్వరగానే నల్లబడుతుంది, ఆ గుర్తు దానికి పనికిరాదు.

మంచి మెకానిక్‌ను గుర్తించడం ఎలా?

దుకాణం శుభ్రత, బోర్డు సైజు చూసి కాదు. మరమ్మతు మొదలుపెట్టే ముందు ఆయన ఎంతసేపు చూస్తాడో, ఎన్ని ప్రశ్నలు అడుగుతాడో గమనించండి.

మా కారు ముందు భాగంలో కీచుమని శబ్దం వస్తుంటే ఒక చోట బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ మార్చాలన్నారు. పాత మద్రాసు రోడ్డు పక్క సందులో, చింతచెట్టు కింద షెడ్డు నడిపే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు ‘పొద్దున్నే ఎక్కువా, వేడెక్కాక ఎక్కువా? ఏసీ వేస్తే మారుతుందా?’ అని అడిగారు. ఆ తర్వాత బారెడు స్క్రూడ్రైవరు తీసుకుని, పిడిని చెవికి ఆనించి, మొనను ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కొక్క భాగం మీద మోపుతూ పోయారు. ఆల్టర్నేటర్ మీద ఆగారు, తల అడ్డంగా ఊపారు. బెల్టు బిగుతు చూసే పుల్లీ మీద పెట్టగానే నన్ను పిలిచి పిడి నా చెవి దగ్గర పెట్టారు. ఇసుక నలిగినట్లు ఉంది లోపల. పోయింది ఆ పుల్లీ బేరింగు, ఆల్టర్నేటర్ కాదు. ఖర్చు ఎన్నో వంతుకు దిగిపోయింది. అప్పటినుంచి వారంటీ దాటిన పనులన్నీ ఆయనకే.

అలాంటివారిని వెతకడానికి మీ అపార్ట్‌మెంట్‌లో మీ మోడల్ కారే ఏడెనిమిదేళ్లుగా నడుపుతున్నవారిని అడగండి. ట్యాక్సీ నడిపేవారిని అడగండి. బండి ఒక రోజు ఆగితే ఆ రోజు సంపాదన పోయే మనిషి చెప్పే చోటు ఊరికే చెప్పింది కాదు. మొదటిసారి క్లచ్ లాంటి పెద్ద పని అప్పగించకండి. ఆయిల్ మార్పుతో మొదలుపెట్టి చూడండి.

సామాను మనమే కొని ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. చాలామంది షెడ్డు మెకానిక్‌లు అభ్యంతరం చెప్పరు, కూలీ ముందే మాట్లాడుకోండి. బెంగళూరులో కారు సామానుకు పేరున్న చోటు జేసీ రోడ్డు. టౌన్‌హాలు దగ్గర దిగి నడిస్తే వరుసగా విడిభాగాల దుకాణాలే. ఆర్‌సీ కాపీలోని ఛాసిస్ నంబరు చెప్పండి. ఒకే మోడల్‌లో ఏడాదిని బట్టి బ్రేకు ప్యాడ్లు కూడా మారిపోతాయి. కంపెనీ ముద్ర ఉన్న అసలు సామాను, అదే సామాను తయారుచేసే సంస్థ సొంత పేరుతో అమ్మేది, ఊరూపేరూ లేనిది అని మూడు రకాలు దొరుకుతాయి. రెండోది చాలాసార్లు మొదటిదాని నాణ్యతతోనే తక్కువ ధరకు వస్తుంది. మూడోదాన్ని బ్రేకులకు, స్టీరింగుకు ఎంత చవకైనా వాడకండి.

శివాజీనగర్‌లో పాత సామాను దొరుకుతుంది. డోరు హ్యాండిల్, అద్దం, సీటు లాంటివాటికి వెళ్లండి. ప్రాణం ఆధారపడిన భాగాలకు వద్దు.

ఇంటికొచ్చి కారు తీసుకెళ్లే యాప్ సర్వీసులు మంచివేనా?

సమయం మిగులుతుంది. కానీ పని చేసే మనిషిని మీరు చూడరు, ఆయన మీ మాట వినడు. మధ్యవర్తి ద్వారా చేరిన ఫిర్యాదు సగం అయిపోతుంది. ఆయిల్ మార్పు, వాటర్ సర్వీసింగ్ వరకు పర్వాలేదు. శబ్దం, వణుకు, ఏసీ చల్లదనం లాంటివాటికి మీరే వెళ్లి మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పండి. కారు అప్పగించేటప్పుడు నాలుగు వైపులా, మీటరు, పెట్రోలు ముల్లు ఫొటో తీయడం మరవద్దు.

నాకు కన్నడ రాదు. ఇబ్బంది అవుతుందా?

కాదు. కోలారు, ముళబాగిలు, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన పనివారు షెడ్లలో చాలామంది ఉన్నారు, తెలుగు నడుస్తుంది. అయినా రెండు మాటలు కన్నడలో అడిగితే వచ్చే ఆదరణ వేరు. ‘ఎష్టాగుత్తె’ అంటే ఎంతవుతుంది. ‘హళే పార్ట్స్ వాపస్ కొడి’ అంటే పాత సామాను తిరిగి ఇవ్వండి. ‘మొదలు ఫోన్ మాడి హేళి’ అంటే ముందు ఫోన్ చేసి చెప్పండి. అంచనాకు మించి ఏ పని చేయాలన్నా ఈ మూడో మాట మీ డబ్బును కాపాడుతుంది.

ఈ ఊరి రోడ్ల మీద ఏవి ముందు అరుగుతాయి?

క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు. హంపుల మీద నెమ్మదిగా వెళ్లినప్పుడు ముందు నుంచి ‘కటకట’ వినిపిస్తే ఎక్కువసార్లు అది సస్పెన్షన్‌లోని లింక్ రాడ్డు, తక్కువ ఖర్చు పని. దానికే షాక్ అబ్జార్బర్లన్నీ మార్చాలంటే ఇంకొకరికి చూపించండి. క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు మానండి. టైర్ల విషయంలో చట్టం కోరే కనీస గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు, వానాకాలానికి అంతకన్నా ముందే మార్చడం నయం. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. కొత్త టైరు కొన్నప్పుడు ఆ అంకెలు చూసే డబ్బు ఇవ్వండి.

పాత కారు కొనేముందు తనిఖీ ఎలా చేయించాలి?

అమ్మేవారు చెప్పిన చోట చేయించకండి. ఇది మొదటి నియమం. మీ మెకానిక్‌కు ఒక పూట కూలీ ఇచ్చి తీసుకెళ్లండి, లేదా కారునే ఆ కంపెనీ సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లి తనిఖీ చేయించండి. అక్కడ నంబరు చెబితే పాత సర్వీసు రికార్డుల్లోని కిలోమీటర్లు కూడా తెలుస్తాయి. మూడేళ్ల కిందట 68,000 అని నమోదైన కారు మీటరు ఇప్పుడు 52,000 చూపిస్తుంటే మాట్లాడవలసింది ఇంకేమీ లేదు.

మీరే చూడగలిగినవి: పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచితే అనుమానించండి. బానెట్, డోర్ల బోల్టుల మీద స్పానరు గీతలు, రంగు ఊడిన గుర్తులు ఉంటే ఆ భాగం ఒకసారి విప్పారు. డోర్ల చుట్టూ రబ్బరు తీసి లోపలి వెల్డింగు చుక్కలు వరుసగా ఉన్నాయో లేదో చూడండి. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే ఓబీడీ స్కానరు పెట్టించండి. హెచ్చరిక దీపాన్ని అంతకుముందే చెరిపేసి ఉంటే కంప్యూటర్ సొంత పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది నీట మునిగిన కార్ల గురించి. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు ఎన్నో కార్లు బేస్‌మెంట్లలోనే మునిగాయి. చెన్నైలో 2015 వరదలు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటివి ఊరు మారి, రాష్ట్రం మారి అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి, అడుగున ఉన్న భాగంలో నీటి చార కనిపిస్తుంది. సీటు కింది పట్టాల్లో ఎండిన బురద, స్టెపినీ గుంటలో తుప్పు, కార్పెట్ కింద వాసన చూడండి. కడిగినవాళ్లు అక్కడిదాకా వెళ్లరు.

రుణం బాకీ, ఇన్సూరెన్స్, పీయూసీ (పొగ తనిఖీ సర్టిఫికెట్) వివరాలు ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరుతో చూసుకోవచ్చు.

పీయూసీ ఎన్నాళ్లకోసారి?

కొత్త కారుకు మొదటి ఏడాది అక్కర్లేదు. తర్వాత బీఎస్-4, బీఎస్-6 కార్లకు ఏడాదికోసారి, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలకోసారి. 2019 సవరణ తర్వాత చట్టంలో జరిమానా పది వేల రూపాయల వరకు ఉంది. పెట్రోలు బంకుల్లోనే పది నిమిషాల పని. కారు రాకుండా సర్టిఫికెట్ ఇస్తామనేవారి జోలికి పోవద్దు.

ఆంధ్రా, తెలంగాణ నంబరు కారు ఇక్కడ నడపవచ్చా? 15 ఏళ్లు దాటితే?

మోటారు వాహనాల చట్టం ప్రకారం 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవాలి. సొంత ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఇక్కడ కారు వయసును బట్టి జీవితకాల పన్ను కట్టాలి. పన్ను కట్టిన కాగితాలు భద్రపరచండి, పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి వాపసు కోరడానికి అవి కావాలి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపై తనిఖీ చేసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. గడువుకు 60 రోజుల ముందునుంచి దరఖాస్తు చేయవచ్చు. 2022 ఏప్రిల్‌లో కార్ల పొడిగింపు రుసుమును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు, మీ కారు వయసుకు ఇప్పుడెంతో ఆర్‌టీఓలో అడగండి; కర్ణాటకలో గ్రీన్ ట్యాక్స్ అదనం. తనిఖీకి వెళ్లేముందు లైట్లు, హారను, వైపర్లు, టైర్లు, హ్యాండ్‌బ్రేకు, పొగ మీ మెకానిక్ చేత సరిచేయించండి.

చిన్న సొట్ట పడింది. ఇన్సూరెన్స్ వాడాలా, చేతి డబ్బు పెట్టాలా?

లెక్క వేసి చూద్దాం. మీ సొంత కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 రూపాయలు, క్లెయిమ్ చేయనందుకు అందులో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, 50 శాతం ఉందనుకోండి. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది బోనస్ సున్నా. ఆ తర్వాత 20, 25, 35, 45 శాతాల మెట్లెక్కి మళ్లీ 50కి చేరాలి. ప్రీమియం మారదనుకుంటే ఈ అయిదేళ్లలో మీరు పోగొట్టుకునేది 4,000, 2,400, 2,000, 1,200, 400, అంటే మొత్తం 10,000 రూపాయలు. దానికితోడు 1,500 సీసీ వరకు ఉన్న కార్లకు ప్రతి క్లెయిమ్‌లోనూ 1,000 రూపాయలు మనమే భరించాలి. కాబట్టి బంపరు గీత, ఒక డోరు సొట్టకు మంచి టింకరింగ్ షెడ్డులో చేతి డబ్బే మేలు. బోనస్‌ను కాపాడే అదనపు కవరు ఉంటే లెక్క మారుతుంది, పాలసీ చూసుకోండి.

వాన నీటిలో కారు మునిగితే?

స్టార్ట్ చేయకండి. ఒక్కసారి కూడా. సిలిండరులోకి చేరిన నీరు నొక్కుకుపోదు. పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బ్యాటరీ తీగ విప్పి, ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ వారికి చెప్పి లాగించండి. బేస్‌మెంట్‌లో పార్కింగు ఉన్నవారు ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ కవరు తీసుకోండి, ఈ ఊళ్లో అది అనవసరపు ఖర్చు కాదు.

పని చెడగొట్టినా, లేని పనికి బిల్లు వేసినా ఏం చేయాలి?

ముందు మేనేజరుకు రాతపూర్వకంగా, ఫొటోలతో ఫిర్యాదు ఇవ్వండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు, చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. వీటన్నిటికీ ఆధారం పన్నుతో కూడిన బిల్లు. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఈ హక్కునే అమ్ముకుంటున్నట్లు.

సంక్రాంతికి ఊరెళ్లాలి. ఎప్పుడు సర్వీసు చేయించాలి?

కనీసం రెండు వారాల ముందు. సర్వీసు అయ్యాక వారం రోజులు ఊళ్లోనే నడపండి. బిగించని బోల్టు, కారే ఆయిల్ ఏదైనా ఉంటే ఇంటి దగ్గరే బయటపడాలి కానీ 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం దాటాక కాదు. దసరాకైతే ఇంకా ముందే వెళ్లండి. ఆయుధపూజ ముందు రోజుల్లో ఈ ఊళ్లో ప్రతి బండినీ కడిగించి పూలు కడతారు, వాటర్ సర్వీసింగ్ దగ్గర వరుసలు రోడ్డు మీదికి వస్తాయి. పండుగ నాడు షెడ్లలో పనిముట్లకు పూజ, స్పానరు ముట్టరు.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించండి. డోరు లోపలి అంచున అతికించిన చీటీలో నిండు కుటుంబానికీ సామానుకూ ఎంత ఉండాలో వేరుగా రాసి ఉంటుంది. స్టెపినీని కూడా బయటికి తీయించి గాలి పట్టించండి, జాకీ, స్పానరు డిక్కీలో ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసుకోండి.